కాగితం మీద అడగండి

ఇక్కడున్నవాళ్ళలో చాలామంది ఈ ఊళ్ళో ఇల్లు కొనేటప్పుడు ముందుగా చూసింది స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగే. ఏటా కట్టే ఆస్తి పన్నులో పెద్ద వాటా ఆ స్కూళ్ళకే పోతుంది. అయినా అదే డిస్ట్రిక్ట్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్ విభాగం ఎవరి కోసం ఉందో, ఏం చేస్తుందో మనలో తెలిసినవాళ్ళు తక్కువ. అవసరం పడి తెలుసుకున్నవాళ్ళు బయటికి చెప్పుకోరు. నేను టెక్సాస్ పబ్లిక్ స్కూళ్ళలో స్పీచ్ థెరపిస్టుని. ఇవాళ నేను చెప్పడానికొచ్చిన మాట ఒక్కటే: మీ పిల్లల ఎదుగుదల గురించి, చదువు గురించి అనుమానం ఉంటే స్కూల్‌ని అడగండి. నోటితో కాదు, రాసి అడగండి.

ఈ అడిగే హక్కు తల్లిదండ్రులు పోరాడి తెచ్చుకున్నది. 1970ల మొదట్లో ఈ దేశంలో సుమారు పది లక్షల మంది పిల్లలకు వైకల్యం కారణంగా పబ్లిక్ స్కూల్లో అసలు చోటే లేదు. 1971లో పెన్సిల్వేనియా తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1972లో వాషింగ్టన్‌లో మిల్స్ కేసు తీర్పు వచ్చింది. డబ్బు చాలదన్న కారణంతో ఈ పిల్లల్ని బయట పెట్టడం కుదరదని ఆ కోర్టు తేల్చింది. 1975లో ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకంతో ఈ హక్కు చట్టం అయింది. 1990 నుంచి దాన్ని ఐడియా అంటున్నాం. మూడో పుట్టినరోజు నుంచి 21 ఏళ్ళ దాకా, అర్హత ఉన్న ప్రతి బిడ్డకూ ఉచితంగా, ఆ బిడ్డకు తగిన చదువు చెప్పాలి. పైగా అలాంటి పిల్లలు ఎక్కడున్నారో వెతికి పట్టుకునే బాధ్యత కూడా డిస్ట్రిక్ట్‌దే. మీ మూడేళ్ళ బాబు ఇంకా ఏ స్కూల్లోనూ చేరకపోయినా సరే, డిస్ట్రిక్ట్ పైసా తీసుకోకుండా పరీక్షించాలి.

మరి మన రాష్ట్రంలో ఏం జరిగింది? 2004లో టెక్సాస్ విద్యాశాఖ ఒక అంకె పెట్టింది. డిస్ట్రిక్ట్‌లోని పిల్లల్లో 8.5 శాతానికి మించి స్పెషల్ ఎడ్‌లో ఉంటే అది లోపం కింద లెక్క. అప్పటికి రాష్ట్రంలో దాదాపు 12 శాతం పిల్లలు ఆ సేవల్లో ఉన్నారు. పదేళ్ళు దాటేసరికి అది 8.5కే దిగింది. దేశం మొత్తం మీద సగటు 13 శాతం ఉన్న రోజులవి. టెక్సాస్ పిల్లలకు మాత్రం ఉన్నట్టుండి ఇబ్బందులు తగ్గిపోయాయంటే ఎవరు నమ్ముతారు? 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. 2017లో శాసనసభ ఆ అంకెను ఎత్తేసింది. టెక్సాస్ చట్టాన్ని ఉల్లంఘించిందని 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ తేల్చింది. ఈ మధ్యలో ఎందరో పిల్లలు సాయం అందకుండానే తరగతులు దాటిపోయారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆ కథతో మన ఇళ్ళకు సంబంధం ఉంది. అడగనివాళ్ళ బిడ్డను పక్కన పెట్టడం ఏ వ్యవస్థకైనా సులువు. మనం అడగం. "మగపిల్లలకి మాటలు ఆలస్యమే", "వాళ్ళ నాన్నకీ అయిదో ఏడు దాకా రాలేదు", "నలుగురికీ తెలిస్తే రేపు పెళ్ళి కావద్దూ" అనుకుంటూ ఏడాది గడిపేస్తాం. మాటల విషయంలో మూడేళ్ళప్పుడు పోయిన ఏడాదిని ఏడేళ్ళప్పుడు పూడ్చుకోవడం ఎంత కష్టమో నేను రోజూ చూస్తున్నాను. మూడేళ్ళు నిండకముందే అనుమానం వస్తే ఈసీఐ అనే ప్రోగ్రాం ఉంది, ఇంటికే వస్తారు.

మన భాష గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని సలహా విన్నవాళ్ళు ఇక్కడ తప్పకుండా ఉంటారు. దయచేసి మానకండి. రెండు భాషలు వినడం వల్ల మాటల లోపం రాదు. ఆటిజం ఉన్న పిల్లలకూ రెండు భాషలు హాని చేయవని పరిశోధనలు చెబుతున్నాయి. ఆరు నెలలకని వచ్చిన అమ్మమ్మతో ఆ బిడ్డ తెలుగులో తప్ప దేంట్లో మాట్లాడుతుంది? స్కూల్లో మాటల పరీక్షలో బొమ్మ చూపించి ఇదేమిటని ఇంగ్లీషులో అడిగితే పాప "గిన్నె" అంటుంది. తెలుగు రానివాళ్ళు తప్పు వేస్తారు. పాపకు వస్తువు తెలుసు, పేరు తెలుసు. ఇంకో బాబు "బంతి" అని ఇంట్లోనూ అనలేడు, "బాల్" అని స్కూల్లోనూ అనలేడు. థెరపీ కావాల్సింది ఆ బాబుకి. అసలు లోపం ఉంటే రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. అందుకే బిడ్డకు వచ్చిన భాషలో పరీక్షించాలని చట్టంలోనే ఉంది. మీటింగ్‌లో మీకు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే పెట్టాల్సిందీ స్కూలే. ఈఎస్ఎల్ క్లాసు వేరు, స్పెషల్ ఎడ్ వేరు. ఇంగ్లీషు నేర్చుకుంటూ ఉండడం వైకల్యం కాదు.

పరీక్షలయ్యాక జరిగేది ఆర్డ్ మీటింగ్. మిగతా రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్ అంటారు. బల్ల చుట్టూ ప్రిన్సిపాలో అసిస్టెంట్ ప్రిన్సిపాలో, క్లాస్ టీచరు, స్పెషల్ ఎడ్ టీచరు, పరీక్షలు చేసినవాళ్ళు కూర్చుంటారు. అంతమందిని చూసి మనవాళ్ళు ఏది పెడితే దానికి తలూపి వచ్చేస్తారు. మీరూ ఆ కమిటీలో సభ్యులే. ఆ కాగితాల్లో లక్ష్యాలు అనే పేజీ దగ్గర ఆగండి. "చదవడంలో మెరుగుపడతాడు" అని ఉంటే అది లక్ష్యం కాదు. రెండో తరగతి పాఠం ఇస్తే ఇవాళ నిమిషానికి 40 మాటలు చదువుతున్నాడు, మే నెలకల్లా 75 చదవాలి, అయిదుసార్లు ఇస్తే నాలుగుసార్లు చదవాలి. ఇలా ఉంటే అది లక్ష్యం. ఎక్కడున్నాడో, ఎక్కడికి రావాలో, ఎవరు, వారానికి ఎన్ని నిమిషాలు చెబుతారో ఉండాలి. ఏదో కాస్త ముందుకు కదిలితే చాలన్న వాదనను 2017లో ఎండ్రూ ఎఫ్. కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బిడ్డ పరిస్థితిని బట్టి గట్టి పురోగతికే ప్లాన్ వేయాలంది. ఒప్పుకోలేకపోతే ఒప్పుకోలేదని రాయండి. పది స్కూలు రోజుల లోపల మళ్ళీ కూర్చునే అవకాశం ఉంటుంది. మొదటిసారి మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గానీ సేవలు మొదలుపెట్టలేరు కూడా.

పాఠం చెప్పే తీరు మారనక్కర్లేదు, చిన్న సర్దుబాట్లు చాలు అనుకునే పిల్లలకు 504 ప్లాన్ ఉంది. షుగరున్న పిల్లలు, ఏడీహెచ్‌డీ ఉన్న కొందరు దీని కిందికి వస్తారు.

రెండు భయాలు చాలామంది నా దగ్గరకొచ్చి చెవిలో చెబుతారు. ఒకటి వీసా. 1982లో టెక్సాస్‌లోని టైలర్ ఊరి నుంచే వెళ్ళిన ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: ఇమిగ్రేషన్ కాగితాలు లేని పిల్లలకు కూడా పబ్లిక్ స్కూలు చదువు నిరాకరించకూడదు. హెచ్1 మీద ఉన్న మీ బిడ్డ సంగతి వేరే చెప్పాలా? రెండోది, రికార్డు జీవితమంతా వెంటాడుతుందని. స్కూలు రికార్డుల గోప్యతకు 1974 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. మీ అనుమతి లేకుండా ఇరుగుపొరుగుకీ, బంధువులకీ స్కూలు చెప్పదు.

ఇక ఉత్తరం. ప్రిన్సిపాల్‌కి గానీ, డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కి గానీ రాయండి. ఈమెయిల్ చాలు. బిడ్డ పేరు, పుట్టినతేదీ, తరగతి రాయండి. ఇంట్లో మీరు గమనించినవి నాలుగు వాక్యాల్లో చెప్పండి: హోంవర్క్‌కి గంటన్నర పడుతోంది, పేరు పిలిస్తే తిరగడు, బట్టల కుట్లు తగిలితే ఏడుస్తాడు, ఏదైతే అది. స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పూర్తి ఎవాల్యుయేషన్ కావాలని స్పష్టంగా అడగండి. తేదీ వేయండి, కాపీ దాచుకోండి. ఆ రోజు నుంచి 15 స్కూలు రోజుల్లో వాళ్ళు మీ సంతకం కోసం ఫారం పంపాలి, లేదా ఎందుకు చేయమో రాసివ్వాలి. మీరు సంతకం పెట్టాక, మామూలుగా 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. టీచరుతో కారిడార్‌లో చెప్పిన మాటకు ఈ గడువులు వర్తించవు. "ముందు ఇంటర్వెన్షన్ చేసి చూద్దాం" అంటే చేయమనండి, మంచిదే. కానీ ఆ పేరుతో ఎవాల్యుయేషన్ వాయిదా వేయడానికి వీల్లేదు.

వెనకాల టేబుల్ మీద ఉత్తరం నమూనాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి, తీసుకోండి. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. పిల్లల పేర్లు చెప్పనక్కర్లేదు. మైకులో అడగడం ఇబ్బందయితే చీటీ రాసి ముందుకు పంపండి, హాలు మూసేదాకా ఇక్కడే ఉంటాను.