ముసుగు తీసిన దయ్యము

దయ్యపు కథ చెప్పుదునన్నచో పిల్లవాడు ముందు అమ్మమ్మ కొంగు పట్టుకొనును, పిదప మరికొంత దగ్గరకు జరిగి, "తరువాత ఏమైనది?" అని అడుగును. భయమును, తెలిసికొనవలెనను కోరికయు ఆ వయస్సులో కవలపిల్లల వంటివి. ఈ రెంటిని ఒక్క కాడికి కట్టి నడపుటయే దయ్యపు కథలోని నేర్పు. నేడు ఆ కథను అమ్మమ్మ కంటె ఎక్కువగా చెప్పుచున్నది టెలివిజన్ తెరపై కదలాడు బొమ్మ. అందులోను పిల్లలకు మిక్కిలి ప్రియమైన తరహా ఒకటి కలదు. నలుగురైదుగురు సాహసికులు జట్టు కట్టి, దయ్యమో, రాక్షసియో, సముద్రభూతమో ఉన్నదన్న చోటికి పోయి సంగతి ఆరా తీయుదురు. ఇట్టి కథలు పిల్లలకు ఏమి నేర్పుచున్నవి?

ఈ ప్రశ్న అమీరుపేట, పంజాగుట్టల వారికి దూరపుది కాదు. అమీరుపేటలోని సారథీ స్టూడియోలో తయారై 1959లో విడుదలయిన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు చిత్రముగా పేరొందినది. నేడు అదే పేటలో మైత్రీవనము చుట్టును కంప్యూటరు విద్యలు నేర్పు సంస్థల బోర్డులు మేడమేడకును వ్రేలాడుచున్నవి. 2017లో మొదలయిన మెట్రో రైలు దిగి ఆ మేడలెక్కు యువజనులలో, బొమ్మకు కదలిక నేర్పు యానిమేషను విద్య కొరకు వచ్చువారును కలరు. ఓర్పుతో కూడిన విద్య అది. తెరపై సెకనుకు 24 చట్రములు సాగవలెను. ఒక్కొక్క బొమ్మను రెండేసి చట్రములకు వాడి పొదుపు చేసినను, 11 నిమిషముల కథకు 7,920 బొమ్మలు కావలెను. ఇంత శ్రమపడి గీసిన దయ్యము పసిమనస్సులో ఎట్టి ముద్ర వేయునో గీయువారును, ఇంట చూపించువారును ఆలోచింపదగినది.

ఈ తరహాకు ప్రసిద్ధమైన మాదిరి అమెరికాలో 1969 సెప్టెంబరు 13న మొదలయిన 'స్కూబీ డూ'. హన్నా-బార్బెరా సంస్థ నిర్మించిన ఈ వరుసలో పాత్రలు నలుగురు యువజనులును, ఒక పిరికి కుక్కయు. మొదటి కథలో ఒక నల్లని ఉక్కుకవచము నిండుపున్నమి నాడు ప్రాణము పోసికొని తిరుగునని వదంతి. దానిని మ్యూజియమునకు తెచ్చుచున్న ఆచార్యుడు మాయమగును. మన సాహసికులు గాలించి, తుదకు కవచములోని మనిషిని బయటికి లాగుదురు. అతడు ఆ మ్యూజియము అధికారియే! మేలైన చిత్రపటములను తీసివేసి వాని చోట నకళ్లు పెట్టి, గుట్టు కనిపెట్టగల ఆచార్యుని అడ్డు తొలగించుకొని, దయ్యపు వదంతి చాటున దాగినాడు.

రెండవ మాదిరి 1984 నాటి చలనచిత్రము ననుసరించి 1986లో వచ్చిన 'ద రియల్ ఘోస్ట్ బస్టర్స్'. ఇందు దయ్యములు నిజమైనవి. వానిని యంత్రములతో పట్టి బంధించుట ఈ బృందము వృత్తి. 1987 నాటి ఒక కథలో, గ్రంథాలయము నుండి దొంగిలింపబడిన మంత్రపుస్తకము మూలమున కథూల్హు అను సముద్రభూతము మేల్కొనును. ఆ భూతము లవ్‌క్రాఫ్ట్ అను రచయిత 1928లో అచ్చయిన తన కథలో సృష్టించినది. మొదటి మాదిరిలో దయ్యము అబద్ధము, రెండవదానిలో నిజము. అయినను రెంటను దోషి యొకడు దొరకితీరును. ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

మన బేతాళుని చూడుడు. అతడు విక్రమార్కుని భుజమునెక్కి, దోషిగా నిలుచుటకు మారుగా తానే ప్రశ్నలడుగును. తెలిసియు బదులు చెప్పనిచో రాజు తల వ్రక్కలగును. 1947 జూలైలో పుట్టిన 'చందమామ' ఈ కథలను దశాబ్దముల తరబడి ఇంటింటికి చేర్చినది. ఘటోత్కచుడు సరేసరి! 1957లో 'మాయాబజార్' వచ్చినది మొదలు ఆ రాక్షసుడు పిల్లలకు చెలికాడే. 2008లో సింగీతము శ్రీనివాసరావు దర్శకత్వమున కదలు బొమ్మగాను వచ్చినాడు. హైదరాబాదు సంస్థయైన గ్రీన్ గోల్డ్ వారి 'ఛోటా భీమ్' మొదలయినదియు ఆ సంవత్సరముననే. ఇట్టి కల్పిత జీవుల ముసుగులు తీయ పనిలేదు. పిల్లల ఊహకు అవి రెక్కల వంటివి.

కాని కథలోని దయ్యము వేరు, ఊరిలోని దయ్యము వేరు. తెలంగాణ పల్లెలలో బాణామతి, చేతబడి అను మాటలు నేటికిని వినవచ్చుచున్నవి. పశువు చచ్చినను, పసిబిడ్డ జ్వరపడినను, "ఎందువలన?" అని గాక, "ఎవరు చేసినారు?" అని అడుగువారు కలరు. అప్పుడు చూపుడువ్రేలు తరచుగా తిరుగునది దిక్కులేని ముసలిదాని వైపునకో, నిరుపేద వైపునకో. అనుమానమే సాక్ష్యముగా మనుష్యులను కొట్టుట, పండ్లూడగొట్టుట, చంపుట కూడ జరిగినవి. ఇటు పంజాగుట్ట నిమ్స్ ఆస్పత్రికో, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకో చేరవలసిన రోగి మంత్రగాని ముంగిట విలువైన కాలమును కోల్పోవుచుండును.

ఈ భయమును పోగొట్టుటకు 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక వంటి సంఘములు ఊరూర పాటుపడినవి. మంత్రగాడు నిమ్మపండును కోయగా నెత్తురు కారునట్లు కనబడును. అందలి రహస్యమెంత? కత్తికి ముందుగా మిథైల్ ఆరెంజ్ అను రంగు పూసి ఆరబెట్టును. నిమ్మరసములోని ఆమ్లము తగులగానే అది ఎర్రబడును. జనము ఎదుట ఒక నిమ్మపండు కోసి చూపినచో, గంటసేపు చేసిన ఉపన్యాసము కంటె ఎక్కువ పని జరుగును. స్కూబీ డూ జట్టు చేయు పనియు ఇట్టిదే.

అయినను ఇక్కడ ఒక మెలిక కలదు. కథలో ముసుగు తీసినప్పుడెల్ల లోపల ఒక దుర్మార్గుడు కనబడును. అది చూచి చూచి, ప్రతి కీడు వెనుకను ఎవడో ఒకడు దాగియుండునని పిల్లవాడు తలపోయవచ్చును. బాణామతి అనుమానమునకు విత్తనము సరిగా ఆ తలపే! కావున మన అమీరుపేటలో బొమ్మలు గీయ నేర్చిన వారెవరైనను ఇట్టి కథకు పూనుకొన్నచో, మరియొక తరహా ముగింపును ఆలోచింపుడని నా మనవి. ఊరిలో వరుసగా పిల్లలు జబ్బుపడినారు. జనము ఒక ముసలమ్మను అనుమానించినది. బడిపిల్లలు నలుగురు ఆరా తీసి, తుదకు చేరినది ఏ మనిషి వద్దకును కాదు, మురుగు కలిసిన ఊరబావి వద్దకు. ముసుగు తీయగా లోపల ఎవరును లేరు. నిజమునకు ఇంతకన్న గొప్ప విడుపు ఏ దయ్యపు కథలో ఉన్నది?

అంతవరకు ఆ పని ఇంటిలో పెద్దలది. తెరపై కథ ముగియగానే టెలివిజన్ కట్టివేసి లేచిపోక, బేతాళుని వలె ఒక్క ప్రశ్న వేయుడు: "దొంగ ఎవడో తెలిసినది సరే, దొంగయే లేకున్నచో ఇది ఎట్లు జరిగియుండును?" పిల్లవాడు కొంతసేపు ఆలోచించును. బదులు తప్పినను తల వ్రక్కలు కాదు. కాని ఎవని మీదనైనను నేరము మోపుటకు ముందు కారణము వెదకు అలవాటు అతనికి అబ్బును. ఆ అలవాటు ఏనాడో ఒక ఊరిలో, ఒక ముసలమ్మ ప్రాణమును కాపాడవచ్చును.