గ్డీనియా రేవు – క్వ్యాట్కోవ్‌స్కీ మంత్రి



రాజ్యాధికారుల చరిత్రములు సాధారణముగ ఉత్తరువులతోను బిరుదములతోను నిండియుండును. నేడు నేను ముచ్చటింపబోవు పోలండు మంత్రి చరిత్రమున బొగ్గు, ఉక్కు, సముద్రపు టుప్పునీరు మిక్కిలిగ గలవు. ఆయన పేరు యూజీనియుష్ క్వ్యాట్కోవ్‌స్కీ. 1888 లో క్రాకో నగరమున జన్మించెను. అప్పటికి రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ప్రభువులు పోలండును పూర్తిగ పంచుకొని తొంబది యేండ్లు దాటినది. పటమున ఆ పేరుగల రాజ్యమే లేదు. ల్వోవు, మ్యూనిక్ నగరములందు రసాయనశాస్త్రము నభ్యసించిన యీయన మొదట కర్మాగారముల మనిషి. రాజకీయము తరువాత వచ్చినది.

1918 లో పోలండు స్వతంత్రమయ్యెను గాని, వాకిలి పొరుగువాని చేతనున్న యిల్లువలె నుండెను. విస్తులా నదీముఖమునందలి డాంజిగు మహారేవు నానాజాతిసమితి రక్షణమున స్వేచ్ఛానగరమయ్యెను. 1920 లో రష్యా సేనలు వార్సాకు సమీపించుచుండగా, పోలండునకై వచ్చిన యుద్ధసామగ్రిని దింపుటకు డాంజిగు కూలీలు నిరాకరించిరి. సొంతరేవు లేని స్వాతంత్ర్యమెంతటిదో నాడు తెలిసివచ్చినది. 1922 సెప్టెంబరున పోలండు శాసనసభ గ్డీనియా యను బెస్తపల్లెయొద్ద రేవు నిర్మింప శాసనము గావించెను. స్థలము నెన్నుకొని రూపము గీచినవాడు టడేవుష్ వెండా యను ఇంజనీరు. న్యాయము చెప్పవలెనన్న గ్డీనియాకు జనకుడాయనయే. కాని ధనములేక పని నత్తనడక నడచెను.

1926 మే నెలలో పిల్సూడ్‌స్కీ సేనాని బలప్రయోగముచే అధికారమును చేపట్టెను. హోజూఫ్ నత్రజని కర్మాగారమునకు అధిపతిగ నుండిన మోష్చిట్‌స్కీ రాష్ట్రపతి కాగా, అచ్చట ఆయనక్రింద పనిచేసిన క్వ్యాట్కోవ్‌స్కీ పరిశ్రమ వాణిజ్య మంత్రి యయ్యెను. స్నేహముచే పదవి లభించెననుట నిజమే. పదవి లభించిన పిదప ఏమి చేసెనన్నదే చూడవలసినది.

అంతకు ముందటి యేడు జర్మనీ సుంకముల యుద్ధము మొదలిడి, సైలీషియా బొగ్గునకు తన వాకిలి మూసెను. 1926 లోనే బ్రిటను గనికార్మికులు సమ్మె కట్టగా, స్కాండినేవియా దేశములకు బొగ్గు కరవయ్యెను. గనులయొద్ద పేరుకొన్న బొగ్గు, సముద్రమున కావల కొనువారు, నడుమ సగము కట్టిన రేవు! మంత్రి జాగు చేయలేదు. నిర్మాణమునకు ధనము సమకూర్చెను. ప్రభుత్వపు నౌకాసంస్థను నెలకొల్పెను. గనులనుండి రేవునకు నేరుగ వచ్చు నూతన రైలుమార్గము, ఫ్రెంచి మూలధనముతో, ఆయన పదవి వీడిన పిమ్మట 1933 లో పూర్తియయ్యెను. 1921 లో సుమారు 1,300 మంది యుండిన పల్లె, 1939 నాటికి 1,20,000 మందికి మించిన నగరమయ్యెను. ఆ నగరపు టంచులందే, ఓడలకు బొగ్గెత్తిన కూలీలు పలకలతో అల్లుకొన్న గుడిసెల పేటలుండెననియు చెప్పక తప్పదు. రేవుగోడలకు దొరికిన ధనము వారి యిండ్లకు దొరకలేదు.

మరియొక మచ్చయు గలదు. 1930 లో ఆ ప్రభుత్వమే ప్రతిపక్షనాయకులను బ్రెస్టు కోటలో నిర్బంధించినపుడు ఈయన మంత్రిమండలిలోనే యుండెను. ఆ యేటి తుదిని పదవి వీడి, టార్నూఫ్ సమీపమున మోష్చిట్సే ఎరువుల కర్మాగారమును నడపెను.

1935 లో ఉపప్రధానిగను ఆర్థికమంత్రిగను మరల వచ్చెను. విస్తులా, సాన్ నదుల నడుమనున్న పేదసీమను పరిశ్రమలకు నెలవు చేయ 1937 లో సంకల్పించెను. అడవిని నరికి ఉక్కు కర్మాగారమును, దానిప్రక్క నొక పట్టణమును నిలిపిరి. పట్టణమునకు స్టాలోవా వోలా, అనగా ఉక్కుసంకల్పము, అని పేరు. 1938 డిసెంబరున శాసనసభయెదుట పదునైదేండ్ల ప్రణాళికను చదివెను. తొమ్మిది నెలలు గడచునప్పటికి హిట్లరు సేనలు పడమటనుండియు, స్టాలిను సేనలు తూర్పునుండియు దేశమున జొచ్చినవి. మంత్రి రుమేనియా చేరి, 1945 వరకు అచ్చటనే నిర్బంధమునం దుండెను. జర్మనులు గ్డీనియా పోలీయులను వెడలగొట్టి, ఊరి పేరు మార్చిరి. ఓటమిపాలై పోవుచు రేవును ధ్వంసముచేసి, నైజెనా యను యుద్ధనౌకను రేవుముఖమున ముంచిరి.

1945 లో ఆయనయెదుట కఠినమగు ప్రశ్న నిలిచెను. వార్సాలోని నూతనప్రభుత్వము మాస్కో నీడలో పుట్టినది. పాత సహచరులనేకులు విదేశములందే నిలిచిరి. తిరిగివచ్చుట ఆ ప్రభుత్వమునకు తన పేరును అరువిచ్చుటయే యని వారి యాక్షేపణ. అది త్రోసిపుచ్చదగినది కాదు. ఐనను ముంచిన ఓడను తీయుటకు ఎవరో యొకరు రావలెను గదా. రేవు నెరిగినవాడు వచ్చుటయే మేలని నా యభిప్రాయము. ఆయన వచ్చి, తీరప్రాంత పునర్నిర్మాణమునకు ప్రభుత్వప్రతినిధిగ మూడేండ్లు పనిచేసెను. పని కుదుటబడగనే, 1948 లో, ప్రభువులు ఆయనను తొలగించిరి. అంతటితో నూరకొనక, సముద్రతీరమునను వార్సాలోను నివసింపరాదని ఆంక్ష విధించిరి.

క్రాకోలో రసాయనశాస్త్రమును చరిత్రను గూర్చి గ్రంథములు వ్రాయుచు కాలము గడపి, 1974 ఆగస్టున ఆయన కన్నుమూసెను. నేడు గ్డీనియా రేవునకు సరకుల లారీలు పోవు ఎత్తైన వంతెనదారికి ఆయన పేరే పెట్టియున్నారు.