జూన్ 16, ఉదయం

ఇరవయ్యో శతాబ్దపు బ్రిటిష్ చరిత్రలో ముఖ్యమైన రోజుల గురించి చెప్పమన్నారు. మలేసియాలోని ఈ సుంగై సిపుట్‌లో నిలబడి ఆ మాట ఎత్తాక లండన్ దాకా పోనక్కర్లేదు.

1948 చూడండి. జూన్ 22న వెస్టిండీస్ వలసదారులతో విండ్‌రష్ ఓడ టిల్బరీ రేవులో దిగింది. జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. జూలై 29న లండన్ ఒలింపిక్స్. ఇంగ్లిష్ పుస్తకం ఏది తిప్పినా ఈ మూడూ ఉంటాయి. విండ్‌రష్‌కు ఆరు రోజుల ముందు, జూన్ 16న, ఈ ఊరి పక్కన జరిగింది మాత్రం ఎక్కడో అడుగున చిన్నక్షరాల్లో.

ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతం. ఎల్ఫిల్ రబ్బరు తోట ఆఫీసు. ముగ్గురు చైనా యువకులు సైకిళ్ల మీద వచ్చారు. "తాబే, తువాన్" అన్నారు, అంటే దండాలు దొరా అని. ఆ వెంటే తుపాకి పేలింది. మేనేజరు ఆర్థర్ వాకర్ నేలకొరిగాడు. పక్క గదిలో ఉన్న భారతీయ క్రాణి, అంటే గుమాస్తా, విన్నాడు గనకనే ఆ పలకరింపు మనదాకా వచ్చింది. కాసేపటికి పిన్ సూన్ తోటలో మేనేజరు ఆలిసన్‌నూ, అతని సహాయకుడు ఇరవయ్యొక్కేళ్ల క్రిస్టియన్‌నూ కాల్చేశారు. ఇది కమ్యూనిస్టుల తిరుగుబాటని రెండు రోజుల్లో మలయా అంతటా ఎమర్జెన్సీ పెట్టారు. ముగిసింది 1960 జూలై 31న. పన్నెండేళ్లు సాగినదాన్ని యుద్ధం అనకపోవడానికి బీమా కంపెనీలే కారణమంటారు: యుద్ధమంటే తోటల నష్టానికి పరిహారం రాదట. పేరు పెట్టడంలో కూడా లెక్కలుంటాయి మరి!

బ్రిటిష్‌వాళ్లకు ఈ నేలంటే అంత పట్టుదల ఎందుకు? రబ్బరు, తగరం. రెండో ప్రపంచ యుద్ధంలో చితికిపోయిన బ్రిటన్‌కు డాలర్లు తెచ్చిపెట్టినవి అవే. చీకటితో లేచి చెట్టు బెరడు గీసి పాలు పట్టిన చేతుల్లో మన తెలుగువాళ్లవీ ఉన్నాయి. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి కూలీలను తెచ్చే కంగాణీల వెంట వచ్చినవాళ్లు. ఆరోగ్య సేవ తేదీని వాళ్లు వినివుండరు. ఎమర్జెన్సీ మాత్రం వాళ్ల సద్దిమూట దాకా వచ్చింది. పన్నెండేళ్లు దాటిన ప్రతివాడికీ ఫొటో, వేలిముద్రతో గుర్తింపు కార్డు. అడవిలోని కమ్యూనిస్టు గెరిల్లాలకు చేరుతుందని పనిలోకి అన్నం తీసుకుపోనివ్వలేదు. దుకాణంలో తిండి డబ్బా కొంటే అక్కడికక్కడే చిల్లు పొడిచి ఇచ్చేవారు, దాచిపెట్టి ఎవరికీ పంపకుండా. 1950లో వచ్చిన బ్రిగ్స్ పథకం కింద సుమారు 5 లక్షల మందిని, ఎక్కువమంది చైనీయులను, ముళ్లకంచె వేసిన కొత్త గ్రామాలకు తరలించారు. అప్పటికి భారతదేశం స్వతంత్రమైంది. అయినా అక్కడ తెలంగాణ సాయుధ పోరాటం చివరి రోజుల్లో గోదావరి అడవుల కోయ గూడేలనూ ఇలాగే ఖాళీ చేయించారు.

చనిపోయిన దొరల పేర్లు మనకు తెలుసు. 1948 డిసెంబరులో బాతాంగ్ కాలీలో బ్రిటిష్ సైన్యపు స్కాట్స్ గార్డ్స్ చేతిలో చచ్చిన 24 మంది నిరాయుధుల పేర్లు ఈ సభలో ఎంతమందికి తెలుసు? నన్నడిగితే నాకూ తెలియవు. ఇది మనం ఒప్పుకోవలసిన లోటు.

మా మామ్మను పుట్టిన తేదీ అడిగితే నవ్వేది. కొడుకు పుట్టింది మాత్రం ఠక్కున చెప్పేది: "జపానువాడు పోయిన మరుసటేడు, ఆకు రాలే కాలంలో." అంటే 1946 ఫిబ్రవరి, మార్చి నెలలన్నమాట. రబ్బరు చెట్టును చూసి కాలం కొలిచే పంచాంగం అది. ఏ బ్రిటిష్ గ్రంథాలయంలోనూ దొరకదు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పుట్టింది, 1981లో కౌలాలంపూర్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ఆ తేదీలు రాసి ఉన్నాయి. తోట కూలీల లైన్లలోని తేదీలు మాత్రం నోళ్లలోనే ఉన్నాయి, ఆ నోళ్లు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి.

అందుకే ఒక్క కోరిక. ఇంటికెళ్లాక ట్రంకుపెట్టె తెరవండి. పాత గుర్తింపు కార్డో, తోట చెక్ రోలు (హాజరు పట్టీ) చీటీయో దొరికితే పారేయకండి. ఎనభై దాటినవాళ్లు ఇంట్లో ఉంటే ఫోను పక్కన పెట్టుకుని, డబ్బాకు చిల్లు పొడిచిన రోజుల గురించి అడగండి. చెప్పింది చెప్పినట్టే, వాళ్ల యాసలోనే రాసి వచ్చే సభకు పట్టుకురండి.