పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నయం

తాడేపల్లిగూడెంలో జరుగుతున్న ఈ వైద్య విజ్ఞాన సదస్సుకు అధ్యక్షత వహించడం నాకు గౌరవం. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో గుర్తించిన వారిలో ఒకరైన యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది మన భీమవరంలోనే. గుండె కండరమూ ఆ శక్తితోనే పనిచేస్తుంది. గుండె రక్తాన్ని ముందుకు పంపలేకపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు ఎలా చేరుతుందన్నదే ఈనాటి నా విషయం.

గాలి తిత్తికీ రక్తకేశనాళికకూ మధ్య గోడ పల్చని చోట మైక్రాన్‌లో మూడో వంతుకు మించదు. ప్రాణవాయువు దాటాలంటే అంత పల్చగా ఉండక తప్పదు. మరి నీరెందుకు దాటదు? నాళంలోని ఒత్తిడి నీటిని బయటికి నెడుతుందనీ, రక్తంలోని ప్రోటీన్లు దాన్ని లోపలే పట్టి ఉంచుతాయనీ 1896లో శరీరధర్మ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ వివరించారు. ఊపిరితిత్తుల కేశనాళికల్లో ఒత్తిడి మామూలుగా పాదరసం కొలతలో 10 మిల్లీమీటర్ల లోపే. ప్రోటీన్ల పట్టు 25 దాకా ఉంటుంది. అయినా కొద్దిగా ఊరే నీటిని లింఫు నాళాలు ఎప్పటికప్పుడు తోడేస్తాయి.

1959లో గైటన్, లిండ్సే అనే పరిశోధకులు కుక్కల్లో, ఊపిరితిత్తుల నుంచి రక్తం వచ్చి చేరే ఎడమ కర్ణికలో ఒత్తిడిని పెంచుతూ పోయారు. అది 24 దాటాకే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. రక్తంలో ప్రోటీన్లను సగానికి తగ్గించినప్పుడు మాత్రం 11 దాటగానే చేరింది. మూత్రంలో ప్రోటీన్ పోతున్న కిడ్నీ రోగిని, తిండి సరిగా లేని రోగిని చూసేటప్పుడు ఈ రెండో అంకె మనసులో ఉండాలి.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లన్నీ కొల్లేటి సరస్సుకు చేరితే, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అది పూడుకుపోతే మునిగేది లంక గ్రామాలు. ఎడమ కర్ణికలోంచి రక్తం దిగే మిట్రల్ కవాటం ఇరుకైతే ఊపిరితిత్తుల గతీ అంతే. లోపం ఒకచోట, ముంపు మరోచోట.

చిన్నప్పుడు గొంతునొప్పి, ఆపైన కీళ్లవాపుతో వచ్చే రుమాటిక్ జ్వరం ఆ కవాటాన్ని ఏళ్ల తరబడి ముడుచుకుపోయేలా చేస్తుంది. అమ్మాయి పెద్దదవుతుంది, పెళ్లవుతుంది, ఏ ఇబ్బందీ కనబడదు. గర్భంతో రక్త పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది, గుండె వేగం హెచ్చుతుంది. ఇరుకు కవాటంలోంచి రక్తం దిగడానికి వ్యవధి చాలదు. అప్పుడు బయటపడుతుంది జబ్బు. గర్భిణికి ఆయాసం మామూలేనని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు.

నీరు ఒక్కసారిగా గాలి తిత్తుల్లోకి దూకదు. ముందు నాళాల చుట్టూ, శ్వాసగొట్టాల చుట్టూ చేరుతుంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల కింది అంచున సన్నని అడ్డగీతలు కనబడేది అప్పుడే. రోగి రెండు దిండ్లు వేసుకుంటాడు. అర్ధరాత్రి ఊపిరాడక లేచి, మంచం అంచున కాళ్లు వేలాడేసుకుని, రెండు చేతులూ ఆనించి కూర్చుంటాడు. కాసేపటికి తేలికపడుతుంది. తెల్లారాక ఉబ్బసమంటూ మందు తెచ్చుకుంటాడు. నీరసంగా ఉంది, సెలైన్ పెట్టమని బంధువులు అడుగుతారు. ఒత్తిడి అంచుకు చేరిన రోగిని ముంచడానికి ఆ ఒక్క సీసా చాలు. స్టెతస్కోపులో ఊపిరితిత్తుల అడుగున చిటపటలు, ఆపైన నోట గులాబీ రంగు నురుగు. గుండెపోటులో, హఠాత్తుగా బీపీ పెరిగినప్పుడు ఇదంతా గంటల్లోనే, ఒక్కోసారి నిమిషాల్లోనే జరిగిపోతుంది.

ఇది సూది గుచ్చి తోడే నీరు కాదు. రోగిని కూర్చోబెట్టాలి, ఆక్సిజన్ పెట్టాలి, ఫ్యూరోసెమైడ్ ఇవ్వాలి, బీపీ బాగుంటే నైట్రోగ్లిజరిన్ వాడాలి. తర్వాత మూలకారణాన్ని వెతకాలి.

పరికరాలు రావాలి, నిపుణులు పెరగాలి, నిజమే. కానీ ఒత్తిడి పెరిగిన సంగతి రోగి నోటివెంట ముందే వస్తుంది. అందుకే మూడు ప్రశ్నలు సభ ముందుంచుతున్నాను. పడుకుంటే ఆయాసం వస్తోందా? రాత్రి ఊపిరాడక లేస్తున్నారా? చిన్నప్పుడు కీళ్లవాపు, జ్వరం వచ్చాయా? ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణుల పరీక్షరోజున, సెలైన్ సూది గుచ్చే ప్రతి చోటా వీటిని తెలుగులో అడగాలని ఈ సదస్సు తీర్మానించాలని కోరుతూ, సమావేశాలను ప్రారంభిస్తున్నాను.