మొదటి కాన్ఫిగ్ ఏది పెట్టుకోవాలి? తాండూర్‌లో నేను చేసిన తప్పు

ఈ మధ్య చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, నియోవిమ్ మొదలుపెడదామనుకుంటున్నా. కిక్‌స్టార్ట్ పెట్టుకోవాలా, లేజీవిమ్ పెట్టుకోవాలా, లేకపోతే మీ కాన్ఫిగ్ ఫైలే ఇస్తారా?" అని. మూడోదానికి ముందే జవాబు చెప్పేస్తా: ఇవ్వను. పొగరు అనుకోకండి. ఒకసారి ఇచ్చి చూశా. ఏం జరిగిందో ఈరోజు చెప్తా.

అసలు ఇదేంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నియోవిమ్ అనేది కోడ్ రాసుకునే ఎడిటర్. దీని తాత 'వీఐ', 1976లో బిల్ జాయ్ రాశాడు. దాని దారిలోనే 1991లో బ్రామ్ మూలెనార్ 'విమ్' తెచ్చాడు. 2014లో విమ్ నుంచి విడిపోయి వచ్చింది నియోవిమ్. ఇన్‌స్టాల్ చేయగానే దాదాపు ఖాళీగా ఉంటుంది. రంగులు, కీలు, ప్లగిన్లు, అన్నీ మనమే ఒక ఫైల్‌లో రాసుకోవాలి. ఆ ఫైల్ పేరు 'ఇనిట్ డాట్ లువా'. మొదటిరోజే అదంతా రాయడం కష్టం కాబట్టి ఎవరో రాసిపెట్టిన దాంతో మొదలుపెడతాం. దాన్నే స్టార్టర్ కాన్ఫిగ్ అంటారు.

ఇక కథలోకి వద్దాం. మాది వికారాబాద్. పిన్ని వాళ్లది తాండూర్. బాబాయ్ బండల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. వాళ్లబ్బాయి, అంటే మా తమ్ముడు, అప్పుడు బీటెక్ థర్డ్ ఇయర్. దసరాకి వెళ్లినప్పుడు నా లాప్‌టాప్ చూశాడు. మౌస్ ముట్టకుండా ఒక ఫైల్ నుంచి ఇంకో ఫైల్‌కి ఎగురుతుంటే వాడి కళ్లు పెద్దవయ్యాయి.

"అన్నా, గిది నాకు గూడ పెట్టియ్యవా?"

పెట్టిచ్చా. పెన్‌డ్రైవ్‌లో నా ఫోల్డర్ మొత్తం కాపీ చేసిచ్చా. నలభై ప్లగిన్లు, పదకొండు వందల లైన్లు. ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే అన్నీ దిగాయి. సేవ్ చేయడానికి కూడా నేను పెట్టుకున్న సొంత కీ నేర్పించా. వాడు సంబరపడ్డాడు, నేను రైలెక్కి వచ్చేశా.

రెండు నెలల తర్వాత మినీ ప్రాజెక్ట్ రివ్యూకి ముందురోజు రాత్రి వాడు 'అప్‌డేట్ ఆల్' కొట్టాడు. మళ్లీ ఓపెన్ చేస్తే స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు. నాకు ఫోన్ చేశాడు. నేను ఆఫీస్ కాల్‌లో ఉండి ఎత్తలేదు. మళ్లీ చేశాడు. తర్వాత చేద్దాంలే అనుకుని నిద్రపోయా.

వాడేమనుకున్నాడో తెలుసా? ప్రాజెక్ట్ మొత్తం పోయిందనుకున్నాడు. ఫైళ్లన్నీ హార్డ్ డిస్క్‌లో భద్రంగా ఉన్నాయి. మామూలు నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో తెరిచినా కనిపించేవి. కానీ ఎడిటర్ వేరు, కోడ్ వేరు అని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. వాడు రివ్యూకి చేతులూపుకుంటూ వెళ్లాడు, తిట్లు తిని వచ్చాడు.

ఆ ఆదివారం నేను తాండూర్ వెళ్లేసరికి లాప్‌టాప్ మూసి బీరువా మీద పెట్టేసి ఉంది. "నాకు కోడింగ్ రాదు గావచ్చు అన్నా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

తెరిచి చూస్తే తప్పు ఒక్క లైన్‌లో ఉంది. ఒక ప్లగిన్ కొత్త వెర్షన్‌లో ఒక సెట్టింగ్ తీసేశారు. నా ఫైల్ దాన్నే పిలుస్తోంది. ఎర్రర్ వచ్చిన చోట ఫైల్ అక్కడికక్కడే ఆగిపోతుంది. నా సొంత కీలన్నీ దాని కింద ఉన్నాయి కాబట్టి అవి లోడ్ అవ్వలేదు. అంటే వాడికి తెలిసిన సేవ్ కీ కూడా చచ్చిపోయింది. కోలన్, డబ్ల్యూ కొడితే సేవ్ అవుతుందని నేను నేర్పనే లేదు. నాకు అది రెండు నిమిషాల పని. వాడికి ఆ పదకొండు వందల లైన్లలో ఒక్కటీ తెలియదు.

బాబాయ్ పక్కనే కూర్చుని టీ తాగుతూ అంతా విన్నాడు. ఎడిటర్ సంగతి ఆయనకేం తెలుసు? ఒకటే మాటన్నాడు: "కింద నేల సాపు చెయ్యకుంట ఎంత మంచి బండ పర్సినా, కాలు పెడితే గడగడ అంటది." అంతే కదా. నేను పాలిష్ బండ ఇచ్చా, నేల చూడలేదు.

అందుకే స్టార్టర్ ఎంచుకునేటప్పుడు నేనిప్పుడు ఒక్కటే చూడమంటా. రాత్రి పదకొండుకి ఇది పాడైతే, ఎవరూ ఫోన్ ఎత్తకపోతే, నువ్వు ఒక్కడివే బాగుచేసుకోగలవా? అందంగా ఉందా, ఎన్ని స్టార్లు ఉన్నాయి అనేవి ఆ తర్వాత.

ఈ లెక్కన ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది, ఏ కాన్ఫిగ్ లేకుండా మొదలుపెట్టడం. నియోవిమ్ తెరిచి కోలన్, ట్యూటర్ అని కొట్టండి. అరగంట పాఠం అందులోనే ఉంటుంది. లాప్‌టాప్ లేనివాళ్లు కూడా చేయొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎఫ్-డ్రాయిడ్ నుంచి టర్మక్స్ వేసుకుని అందులో నియోవిమ్ ఇన్‌స్టాల్ చేయండి. కీబోర్డ్ పైన ఎస్కేప్, కంట్రోల్ బటన్లు టర్మక్సే ఇస్తుంది. స్టార్టర్ ఏదైనా సరే, ముందు ఈ అరగంట తప్పదు. నేల సాపు చేయడమంటే ఇదే.

రెండోది, కిక్‌స్టార్ట్. టీజే డెవ్రీస్ మొదలుపెట్టాడు. ఒకటే ఫైల్, ప్రతి ముక్క పక్కన ఇది ఎందుకుందో కామెంట్లు. చదివి, అర్థం చేసుకుని, మార్చుకోవడానికే రాశారు. తయారైన వంటకం కాదు, వండుకోవడానికి సామాను. మొదటిసారి వచ్చేవాళ్లకి నా ఓటు దీనికే.

మూడోది, లేజీవిమ్. ఫోల్కే లెమైట్ర్ 2023లో తెచ్చాడు. తెరవగానే అన్నీ రెడీ. చాలా బాగుంటుంది, నేనూ కొన్నాళ్లు వాడా. విమ్ కీలు చేతికి వచ్చేసి, రేపే ఆఫీస్ పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకి సరిపోతుంది. కానీ మొదటిసారి తెరిచినప్పుడు చాలా ప్లగిన్లు దిగుతాయి, మొబైల్ డేటా మీద ఉంటే చూసుకోండి. ఇంకోటి, ప్లగిన్లు దింపే లాంగ్వేజ్ సర్వర్లలో కొన్ని టర్మక్స్‌లో నడవవు. మామూలు లినక్స్‌లో ఉండే సీ లైబ్రరీ వేరు, ఆండ్రాయిడ్‌లో ఉండేది వేరు. ఫోన్ మీద నేర్చుకునేవాళ్లు దీంతో మొదలుపెట్టొద్దు.

నాలుగోది, ఈమ్యాక్స్ వైపు వెళ్లేవాళ్లకి డూమ్, స్పేస్‌మ్యాక్స్ ఉన్నాయి. అక్కడా ఇదే లెక్క. కానీ తెలుగులో నోట్స్ రాసుకునేవాళ్లకి ఒక సంగతి. చాలా టెర్మినళ్లలో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి, ఎందుకంటే టెర్మినల్ ప్రతి అక్షరాన్నీ గడుల్లో ఇరికిస్తుంది. నియోవిమ్ టెర్మినల్‌లో నడిస్తే ఆ బాధ ఉంటుంది. ఈమ్యాక్స్ సొంత విండోలో, 27వ వెర్షన్ నుంచి, అక్షరాలు కూర్చడానికి హార్ఫ్‌బజ్ వాడుతున్నారు, ఒత్తులు చక్కగా పడతాయి. వీఎస్ కోడ్‌లోనూ బాగానే కనిపిస్తాయి. అన్నట్టు వీఎస్ కోడ్ వాడితే తక్కువేం కాదు. వారంలో ప్రాజెక్ట్ ఇవ్వాలంటే అదే వాడండి.

ఏది పెట్టుకున్నా నాలుగు జాగ్రత్తలు.

ఒకటి, వెర్షన్ చూసుకోండి. ఉబుంటు 22.04లో ఆప్ట్‌తో వేస్తే వచ్చేది నియోవిమ్ 0.6.1. ఇప్పటి స్టార్టర్లకి అది చాలదు. నియోవిమ్ గిట్‌హబ్ రిలీజెస్ పేజీ నుంచి కొత్తది దింపుకోండి.

రెండు, కాన్ఫిగ్ ఫోల్డర్‌ని గిట్‌లో పెట్టండి. లేజీ ప్లగిన్ మేనేజర్ వాడితే 'లేజీ-లాక్' అనే ఫైల్ ఒకటి వస్తుంది. ఏ ప్లగిన్ ఏ వెర్షన్‌లో ఉందో అందులో రాసి ఉంటుంది. దాన్నీ కమిట్ చేయండి. నేను తీసుకున్నప్పుడు కిక్‌స్టార్ట్ గిట్‌ఇగ్నోర్‌లో ఆ ఫైల్ పేరు ఉంది, మీ కాపీలో ఆ పేరు తీసేయమని రీడ్‌మీలోనే చెప్పారు. అప్‌డేట్ తర్వాత ఏదైనా విరిగితే, గిట్ నుంచి పాత లాక్ ఫైల్ వెనక్కి తెచ్చి 'లేజీ రీస్టోర్' కొడితే నిన్నటి స్థితికి వస్తారు.

మూడు, ఎన్‌విమ్ హైఫన్ హైఫన్ క్లీన్ అని గుర్తుపెట్టుకోండి. మీ కాన్ఫిగ్ ఏదీ లోడ్ చేయకుండా ఎడిటర్ తెరుచుకుంటుంది. మీ కోడ్ ఎక్కడికీ పోలేదని కళ్లారా చూడొచ్చు. ఆ రాత్రి మా తమ్ముడికి ఈ ఒక్క ముక్క తెలిసుంటే చాలు.

నాలుగు, పరీక్షకి, రివ్యూకి, ఇంటర్వ్యూకి ముందురోజు అప్‌డేట్ కొట్టకండి. ఇది చెప్పించుకోవాలా!

ఆ ఆదివారం నా ఫోల్డర్ తీసేశా. ముందు ట్యూటర్, తర్వాత కిక్‌స్టార్ట్ పైనుంచి కింది వరకు, రెండు సాయంత్రాలు పట్టింది. అర్థం కానిది తీసేశాడు, అవసరమైనప్పుడు మళ్లీ పెట్టుకున్నాడు. నాది చూసి మెరిసినంతగా వాడి స్క్రీన్ ఇప్పుడు మెరవదు.

పోయిన నెల ఫోన్ చేశాడు. "అన్నా, అప్‌డేట్ కొడితే మల్ల ఎర్రర్ వచ్చింది."

ఈసారి వెంటనే ఎత్తా. "ఏ లైన్‌లో రా? స్క్రీన్‌షాట్ పంపు" అన్నా.

"అడుగనీకి జెయ్యలే అన్నా, చెప్పనీకి జేసిన. సరిజేసిన."

ఇక నా ఫైల్ ఎందుకివ్వనో అర్థమైందనుకుంటా. ఈరోజు ఆ ట్యూటర్ అరగంట పూర్తిచేయండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.