ఫోన్‌లో పేపరు – ఎవరికేం కావాలి, రైతుకేం కావాలి
(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



విత్తనాల మీద, ఎరువుల మీద, మద్దతు ధర మీద మనం ఎన్నో తరగతులు పెట్టుకున్నాం. పేపరు చదవడం మీద కూడా తరగతి కావాలా అని కొందరు అడిగారు. కావాలి. గొడ్డలి, పార ఎలాగో పేపరూ మనకు ఒక పనిముట్టే. అది ఇప్పుడు టీకొట్టు బల్ల మీది నుంచి మన చొక్కా జేబులోకి వచ్చింది. దాన్ని మనం ఎట్లా వాడుతున్నామో ఒకసారి చూసుకుందాం.

ఒక ఊరినే తీసుకోండి. పెద్దవాళ్లకు ఈ-పేపరు కావాలి. అచ్చులో ఎట్లా ఉంటుందో అట్లా పేజీ కనపడితేనే వాళ్లకు పేపరు చదివినట్టుంటుంది. కౌలు రైతు ఈ-పంట నమోదు గడువు ఎప్పటిదాకా, వాన ఎప్పుడు అని వెతుకుతాడు. పొదుపు సంఘంలో ఉన్న మన ఆడవాళ్లు పథకాల వార్త, బంగారం ధర చూస్తారు. ఉద్యోగాల కోసం చదివే పిల్లలకు నోటిఫికేషన్లు కావాలి. హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉన్న మన ఊరి పిల్లలు పొద్దున లేవగానే జిల్లా పేజీ తెరుస్తారు. ఊళ్లో ఏం జరిగింది, రీసర్వే ఎక్కడిదాకా వచ్చింది, నాన్న పేరు మీదున్న పొలానికి ఇబ్బందేమన్నా ఉందా అన్నది వాళ్ల ఆరాటం. ఇందులో ఎవరినీ తప్పు పట్టేది లేదు. ఎవరి అవసరం వారిది.

చిక్కల్లా ఒకే వార్తను ఇద్దరు రెండు రకాలుగా చదివేచోట వస్తుంది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో రెండు వందల దగ్గరకు పోయింది. పట్నంలో కొనుక్కునే వాళ్లకు అది ‘ధరల మంట’. ఎన్నో కార్లు నష్టపోయి, ఆ ఒక్క కారులో అప్పు తీర్చుకున్న రైతుకు అది ఊపిరి. ఆ నెలంతా ఆ వార్త ఫోన్ తెర మీద పైనే ఉంది. అదే టమాటా కూలి ఖర్చు కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన రోజుల్లో ఆ వార్త జిల్లా పేజీలో ఒక మూలకు పోయింది. ఎందుకు? కొనేవాళ్లు ఎక్కువ, పండించేవాళ్లు తక్కువ. ఆన్‌లైన్ పేపరుకు ప్రకటనల డబ్బు చూసినవాళ్ల లెక్కను బట్టి వస్తుంది. ఎక్కువ మంది వేలు పెట్టి నొక్కిన వార్తే పైకి వస్తుంది. మనం నొక్కని వార్త కిందికి పోతుంది.

ఇక ధరల సంగతి. మిర్చి యార్డులో రికార్డు ధర అని పెద్ద అక్షరాలతో వస్తుంది. అది చూసి టిక్కీలు లారీకి ఎత్తుకుని గుంటూరు పోతాం. తీరా అక్కడ కాటా దగ్గర మనకు పడేది వేరే ధర. వార్త అబద్ధం కాదు. ఆ ధర ఒక్క లాటుకు పలికిన గరిష్ఠ ధర. ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్‌లో ప్రతి సరుకుకూ మూడు ధరలు ఉంటాయి – కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. మనం చూడాల్సింది దాన్నే. ఆ పైన రకం చూడాలి. తేజ ధర వేరు, 334 ధర వేరు, తాలు ధర వేరు. పత్తిలో తేమ శాతం చూడాలి. తేదీ చూడాలి. పోయిన ఏటి ధర ముక్కను తేదీ కత్తిరించి వాట్సాప్‌లో తిప్పితే, దాన్ని నమ్మి సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ అద్దె, ఆ వడ్డీ ఎవరు కడతారు? మనమే కదా!

మిత్రులారా, వార్త మన చేతిలో ఉంటే ఏమవుతుందో మన చరిత్రే చెబుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, 1992లో పత్రికలు ఆ సంగతిని ఊరూరికీ మోశాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. కష్టం ఆ ఆడవాళ్లది, మోత పత్రికలది. మొన్నటికి మొన్న 2020 డిసెంబరులో ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతులు, తమ మాట సరిగా రావడం లేదని ‘ట్రాలీ టైమ్స్’ అని సొంత పత్రికే పెట్టుకున్నారు. పంజాబీలో, హిందీలో అచ్చువేసి శిబిరాల్లో పంచారు, ఫోన్లలోనూ పంపారు. 2021 నవంబరులో ఆ మూడు చట్టాలు రద్దయ్యాయి. పత్రిక ఒక్కదానితోనే రద్దయ్యాయని మేం అనడం లేదు. ఏడాదికి పైగా చలికీ ఎండకూ ఓర్చి కూర్చున్నవాళ్లు గెలిచారు. కానీ వాళ్లు తమ కబురును ఇతరుల దయకు వదలలేదు.

అందుకని ప్రతి గ్రామ శాఖా నాలుగు పనులు చేయాలి.

ఒకటి, ధరల వార్త గ్రూపులో పెట్టేటప్పుడు తేదీ, మార్కెట్, రకం లేకుండా పెట్టవద్దు.

రెండు, రైతు వార్త బాగా వచ్చినప్పుడు ఫొటో తీసి పంపకండి, లింకు పంపండి. ఫొటో చూస్తే ఆ పత్రిక లెక్కలోకి రాదు. లింకు తెరిస్తే వస్తుంది. రైతు వార్తకు చదివేవాళ్లు ఉన్నారని వాళ్లకు తెలియాలి.

మూడు, మన ఊరి పంట నష్టం, ఎరువుల కొరత వార్త వచ్చిన ఈ-పేపరు పేజీని తేదీ కనపడేట్టు దాచండి. పాత పేజీలు తర్వాత డబ్బు కడితేనే తెరుచుకోవచ్చు. రేపు అర్జీతో జత చేయడానికి అది ఆధారం.

నాలుగు, విలేకరికి ఫోన్ చేసి ‘మా బాధ రాయండి’ అనడంతో ఆపకండి. ఎన్ని ఎకరాలు, ఏ పంట, ఎంతమంది కౌలుదార్లు, అర్జీ ఏ తేదీన ఇచ్చాం అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. లెక్క ఉన్న వార్తను పక్కన పెట్టడం కష్టం.

కొనేవాడికి ధర తగ్గితే సంతోషం, మనకు పెరిగితే సంతోషం. పేపరు ఇద్దరిదీ. కొనేవాడి మాట రోజూ వస్తోంది. మన మాట కూడా రోజూ రావాలి. వచ్చే నెల సమావేశానికి ప్రతి శాఖా తన ఊరి లెక్కల కాగితంతో రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.

రైతు ఐక్యత వర్ధిల్లాలి!