కొలువు మారునపుడు

సాగరు ఎడమ కాలువ పారిన పిమ్మట నేరేడుచర్ల చుట్టుపట్ల ధాన్యపు మిల్లులు వెలసినవి. సున్నపురాతి నేల గనుక మఠంపల్లి, మేళ్ళచెరువులలో సిమెంటు కర్మాగారములు లేచినవి. రైతుబిడ్డలు నెలజీతగాండ్రయిరి. వారిలో ఒకనికి హైదరాబాదునుండి మేలైన పిలుపు వచ్చినచో వెళ్ళుటయే న్యాయము. ఉన్నచోటనే ఉండుమను పెద్దలతో నేను ఏకీభవింపను. అయితే వెళ్ళుటకొక పద్ధతి యున్నది.

ఏడేండ్లు పనిచేసిన యువకుని తీసికొందము. ఇంట చెల్లెలి పెండ్లి. పాత లెక్క మూసి సొమ్ము తెమ్మని అందరును అందురు. ప్రావిడెంటు ఫండుతోపాటు పింఛను సొమ్మును గూడ తీసికొనినచో ఆ ఏడేండ్ల సర్వీసు చెరిగిపోవునని చెప్పువారు అరుదు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకములో చేరినవానికి 58వ యేట నెలనెలా పింఛను రావలెనన్న 10 ఏండ్ల సర్వీసు ఉండవలెను. పాత ఏడునకు క్రొత్తచోట మూడు చేరిన పది నిండును. ఏడును వదలుకొన్నవాడు మరల ఒకటినుండి లెక్కపెట్టవలెను! కనుక ఖాతాను బదిలీ చేయించుకొనుడు. వెంటనే మరియొక కొలువు దొరకనివాడు స్కీము సర్టిఫికెట్టు తీసికొని ఆ సర్వీసును నిలుపుకొనవచ్చును.

గ్రాట్యుటీ మాత్రము ఇట్లు వెంటరాదు. స్థిరోద్యోగికి ఒకే యజమానివద్ద 5 ఏండ్లు నిండవలెను. నిండిన ప్రతి యేటికిని 15 దినముల జీతము లభించును. నాలుగేండ్లు దాటి గడువు సమీపించినవాడు క్రొత్త యజమానిని కొన్ని నెలల వ్యవధి అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

నోటిమాటతో కొలువు మాని బస్సెక్కుట మనవారిలో కొందరి అలవాటు. రాజీనామా వ్రాసియిచ్చి, నోటీసుకాలము పనిచేసి, విడుదల పత్రము చేతబట్టుకొని బయలుదేరుడు. పని విడిచిన తేదీ ఫండు ఖాతాలో నమోదైనదో లేదో చూచుకొనుడు. అది లేనిచో బదిలీ దరఖాస్తు అక్కడనే ఆగిపోవును.